ఓబులమ్మ పడిన ఇల్లు

ఒక పెద్ద అడవిలో విమానాశ్రయం ఉండేది. అడవిలో విమానాశ్రయమేమిటని ముక్కున వేలేసుకోకండి. మనుషులు అడవులు నరికి విమానాశ్రయాలు కట్టుకుంటే లేని తప్పు, అడవివాళ్ళు అడవిని అలాగే ఉంచుకుని ఒకటి కట్టుకుంటే వచ్చిందా?

మధ్యలో చదునైన నల్లరాతి బండ ఉండేది. అదే రన్‌వే. దానిమీదికి బెగ్గురు కొంగలు దిగేవి. ఒక్కో కొంగ మెడకి ఒక్కో వెదురు గంప. ఆ గంపల్లో కుందేళ్ళు, ఉడతలు, కాస్త కలిగిన కొండముచ్చులు దర్జాగా కూర్చుని కొండ అవతలికి ఎగిరి వెళ్ళేవాళ్ళు. ఏనుగులు మాత్రం నడిచే వెళ్ళేవి. వాటి సామాను ఎగిరి వెళ్ళేది.

ఆ సామాను మోసి గంపల్లోకి ఎక్కించేది గాడిద ఓబులమ్మ. బండ పక్కన సామాన్ల అరుగు, అరుగు మీంచి గంప అంచుదాకా వాలుగా ఒక బల్ల. పొద్దస్తమానం ఆ వాలుబల్ల ఎక్కడం, దిగడం, ఇదే ఆమె బతుకు. గాడిద చాకిరీ అని మనం ఊరికే అంటాం. ఓబులమ్మ నిజంగానే చేసేది.

ఆ విమానాశ్రయంలో ఒక ఆచారం ఉండేది. పొద్దున్నే డప్పు మోగగానే పనివాళ్ళందరూ వరసగా నిలబడాలి. సంక్షేమాధికారి నక్క నాంచారయ్య ముందు నిలబడి చెప్పించేవాడు, వీళ్ళందరూ గుండె మీద కాలు పెట్టుకుని అనేవాళ్ళు. "ఈ రోజు నాకు నేను దెబ్బ తగిలించుకోను. తగిలినా అబ్బా అనను."

గేటు దగ్గర పెద్ద బోర్డు కూడా ఉండేది. "ఇచట ప్రమాదములు జరగవు."

"జరగలేదు అని రాయించకపోయారా అయ్యా?" అని ఓబులమ్మ ఒకసారి అడిగింది.

"పిచ్చిదానా, జరగలేదని రాస్తే రేపు జరగొచ్చు. జరగవు అని రాసేశామనుకో, ఇక జరిగే దారే లేదు" అన్నాడు నాంచారయ్య.

ఈ హడావిడంతా ఎందుకంటే, ఏటా సింహంరాజుగారు భద్రతా పల్లకి ఒకటి పంపించేవారు. ఏడాదంతా ఒక్క ప్రమాదం కూడా జరగని కార్యాలయం పెద్దని ఆ పల్లకిలో కూర్చోబెట్టి, అడవిదున్నలు మోస్తుంటే, మేళతాళాలతో అడవంతా ఊరేగించాలి. విమానాశ్రయం డైరెక్టరు ఎలుగుబంటి ఏకాంబరంగారికి ఆ పల్లకి మీద ఎప్పట్నుంచో మనసు. నీళ్ళలో తన నీడ చూసుకుంటూ, ఊరేగింపులో చెయ్యి ఎలా ఊపాలో రోజూ సాధన చేసేవారట.

ఇంతకీ ఆ అడవిలో పనివాళ్ళకి చట్టం లేదా అంటే, లక్షణంగా ఉంది. పిచ్చుకపిల్లకి కూడా నోటికొచ్చు. పనిచోట దెబ్బ తగిలితే మానేదాకా మందూ మేతా పని చేయించుకున్నవాళ్ళే చూడాలి, మానాక కూర్చుని చేసే పని ఇవ్వాలి. ఇంట్లో దెబ్బ తగిలితే మాత్రం ఎవరి ఖర్మ వాళ్ళది. పనికి రానివాళ్ళు వాగు అవతలికి పోవాలి. వాగు అవతల చిరుతపులి ఉండేది. కుంటివాళ్ళంటే దానికి మహా ఇష్టం.

ఇలా ఉండగా, సామాను పనుల కాంట్రాక్టరు దుమ్ములగొండి ఒకరోజు పాత టేకుబల్ల తీసేయించి, దాని చోట ఒక వెదురు తడిక వేయించాడు. "తేలిగ్గా ఉంటుంది, చూపుకి అందంగా ఉంటుంది, హిహిహి" అన్నాడు. అతను ఏం చెప్పినా చివర నవ్వుతాడు. పుట్టుకే అంత.

మర్నాడు ఏనుగు అమ్మగారి ఇత్తడి బిందెల పెట్టె వచ్చింది. ఓబులమ్మ దాన్ని వీపు మీద పెట్టుకుని తడిక ఎక్కింది. సగం ఎక్కిందో లేదో, తడిక ఫెళ్ళున విరిగింది. వెనక కాలు సందులో ఇరుక్కుంది. పెట్టె వచ్చి సరిగ్గా ఆ కాలి మీదే పడింది.

"అబ్బా!" అంది ఓబులమ్మ. పొద్దున చేసిన ప్రమాణం గుర్తొచ్చేలోపే అనేసింది పాపం.

నాంచారయ్య పరుగెత్తుకొచ్చాడు. ఓబులమ్మ దగ్గరికి కాదు, గేటు దగ్గరికి. బోర్డుకేమీ కాలేదని చూసుకుని, ఒకసారి తుడిచి, అప్పుడు వచ్చాడు అరుగు దగ్గరికి.

"ఏం ఓబులమ్మా, ఎక్కడ పడ్డావే?"

"ఇక్కడేనయ్యా. తమరు చూస్తూనే ఉన్నారుగా."

"తొందరపడి నోరు జారకు. నిదానంగా ఆలోచించు. ఇంటి దగ్గర పడి, ఆ నొప్పితో పనిలోకి వచ్చావేమో."

"పెట్టె ఇంకా నా కాలి మీదే ఉంది అయ్యా."

"అదీ సంగతి! పనిచోటి వస్తువు ఇంటికి పట్టుకెళ్ళావన్నమాట" అన్నాడు నాంచారయ్య బాధగా.

చుట్టూ చేరినవాళ్ళు పెట్టె దించి, ఆమెని డాక్టరు గుడ్లగూబగారి తొర్ర దగ్గరికి మోసుకెళ్ళారు. విమానాశ్రయం డాక్టరు డ్యూటీ పగటిపూట. గుడ్లగూబ నిద్ర కూడా పగటిపూటే. అందుకని ఆయన కళ్ళు తెరవకుండానే వైద్యం చేసేవారు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నట్టు, ఎవరొచ్చినా ఒకటే మాట. "ఇంట్లో జారిపడుట. పసుపు రాయండి."

ఓబులమ్మకి పసుపు కూడా రాయలేదు. పసుపు ఇంటి నుంచే తెచ్చుకోవాలన్నారు.

ఆ తర్వాత ఆమె ఎక్కని గడప లేదు. కొంగల కంపెనీ దగ్గరికెళ్తే, "మాది గాల్లో వ్యవహారం. నేలమీది సంగతులు నేలవాళ్ళనడుగు" అన్నారు. నేలవాళ్ళనడిగితే, "నువ్వు కాంట్రాక్టరు మనిషివి" అన్నారు. కాంట్రాక్టరునడిగితే, "నేను బల్ల వేశాను గాని గాడిదని వేశానా? హిహిహి" అన్నాడు. మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ తిరిగి తిరిగి, చివరికి అరుగు కింద కూలబడింది ఓబులమ్మ. వాగు గుర్తుకొచ్చింది. పోయిన ఏడాది ఆమె మేనత్త ఇలాగే కాలు విరిగి వాగు దాటింది. మళ్ళీ ఎవరూ ఆమెని చూడలేదు.

అప్పుడు కాకి వకీలు కామేశం వచ్చి వాలాడు. పుట్టుకతోనే నల్లకోటు, పుట్టుకతోనే పెద్ద గొంతు. వకీలు కాక ఇంకేమవుతాడు?

"ఏడవకు ఓబులమ్మా. సూర్యుడంత స్పష్టమైన కేసు. పడింది పనిచోట, పడేసింది వాళ్ళ బల్ల, చూసింది అందరూ. విచారణ పెట్టిస్తాను" అన్నాడు.

విచారణ జరిగింది. న్యాయమూర్తి ఎవరనుకున్నారు? డైరెక్టరు ఏకాంబరంగారే. తన మీద వచ్చిన ఫిర్యాదు తాను వినకపోతే ఇంకెవరు శ్రద్ధగా వింటారని ఆయన వాదన.

కాకి గొంతు చించుకుని వాదించింది. కాకిగోల అని అందరూ చెవులు మూసుకున్నారు. తర్వాత నాంచారయ్య లేచాడు. గొంతులో తేనె కారుతోంది.

"ఏలినవారూ, ఓబులమ్మ మాకు కూతురు లాంటిది. కాని న్యాయం న్యాయమే. ఇల్లంటే ఏమిటి? తినేచోటు, పడుకునేచోటు. అమ్మా ఓబులమ్మా, నువ్వు తినేదెక్కడ?"

"అరుగు మీదేనయ్యా. తిండికి బయటికి పోనివ్వరు కదా."

"కునుకు తీసేదెక్కడ?"

"అరుగు కిందేనయ్యా. ఒక డ్యూటీ దిగకముందే ఇంకో డ్యూటీ వేస్తారు కదా."

"నీ కొట్టానికి వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

ఓబులమ్మ చాలాసేపు ఆలోచించింది. "దారి కూడా సరిగ్గా గుర్తులేదయ్యా" అంది.

"విన్నారుగా!" అని నాంచారయ్య తోక ఆడించాడు. "తినేదిక్కడ, పడుకునేదిక్కడ, వేరే ఇంటి దారే తెలీదు. కాబట్టి ఈ సామాన్ల అరుగే ఓబులమ్మ ఇల్లు. ఆమె తన ఇంట్లో తాను జారిపడింది. విమానాశ్రయానికేం సంబంధం?"

ఏకాంబరంగారు పల్లకిని తలుచుకుని తీర్పు చెప్పేశారు. "సామాన్ల అరుగు, వాలుబల్లతో సహా, ఓబులమ్మ ఇల్లు. ఇంట్లో పడినవాళ్ళకి మేం జవాబుదారీ కాము. తడిక కూడా బాగుచెయ్యనక్కర్లేదు. బాగుచేస్తే విరిగిందని ఒప్పుకున్నట్టవుతుంది." రాజుగారి చెవిన కూడా పడాలని ఆ తీర్పుని అడవంతా దండోరా వేయించారు.

కాకి రెక్కలు వాల్చేసింది. "ఓడిపోయాం ఓబులమ్మా. పొద్దున్నే నిన్ను వాగు దాటించడానికి వస్తారు. నా చేతకానితనం, క్షమించు."

గాడిదకి ఆలోచన నెమ్మదిగా వస్తుంది. వచ్చిందంటే మాత్రం కదలదు.

"వకీలుగారూ, మా వంశంలో సొంతిల్లు ఉన్నవాళ్ళు లేరు. ఇప్పుడు నాకు ఇల్లిచ్చారు కదా?"

"ఇల్లెక్కడే తల్లీ, అది వాళ్ళ మాయమాట."

"దండోరా కూడా వేశారు కదా?"

కాకి మెడ పక్కకి తిప్పి ఓబులమ్మని చూసింది. ఇంకో పక్కకి తిప్పి మళ్ళీ చూసింది. "వేశారు!" అని ఒక్క అరుపు అరిచింది.

పొద్దున్నే దుమ్ములగొండి మనుషులు వచ్చేసరికి అరుగు ముందు ముగ్గు ఉంది. ఓబులమ్మ అరుగు మధ్యలో కాలు చాపుకుని కూర్చుని ఉంది.

"పద, వాగు దాటాలి" అన్నారు వాళ్ళు, అరుగు ఎక్కబోతూ.

"ఎవరు బాబూ మీరు? పిలవకుండా ఇంట్లోకి వస్తున్నారేం?" అంది ఓబులమ్మ.

ఎత్తిన కాళ్ళు ఎత్తినట్టే ఆగిపోయాయి. ఎందుకంటే ఆ అడవిలో గూటి ధర్మం అని ఒకటుంది. ఇంటివాళ్ళు రమ్మంటే తప్ప ఎవరూ ఎవరి గూట్లోకీ కాలు పెట్టకూడదు. సింహంరాజుగారంతటివారు కూడా కుందేలు బొరియ ముందు నిలబడి పిలుపు కోసం ఎదురుచూస్తారు. పిలవకుండా దూరినవాడు ఎవడైనా సరే, వాగు అవతలికే. దుమ్ములగొండి మనుషులు మెల్లగా వెనక్కి తగ్గారు. ఆ రోజు ఒక్క పెట్టె కూడా గంప ఎక్కలేదు.

ఈ కబురు విని గంపల్లో ప్రయాణికులకి నీళ్ళూ పళ్ళూ అందించే గోరింక చారుమతి ఎగురుకుంటూ వచ్చింది. పోయిన వానాకాలం సుడిగాలికి గంప ఊగిపోయి, తేనెకుండ మీద పడి ఆమె రెక్క బెణికింది. అప్పుడు నాంచారయ్య, "పక్షికి ఆకాశమే కదమ్మా ఇల్లు" అని తేల్చేశాడు.

"అయితే ఆకాశం నాదే కదక్కా?" అంది చారుమతి.

"నీదేనే తల్లీ. మీ ఇల్లు కాస్త పెద్దది" అంది ఓబులమ్మ.

గేటు కాపలా ముంగిస ముత్యాలుకీ గుర్తొచ్చింది. గేటు విరిగి నడ్డి మీద పడినప్పుడు, "నువ్వు గేటు వదిలి ఎప్పుడైనా వెళ్ళావా?" అని తననీ ఇలాగే ఇంటివాణ్ణి చేశారు. రన్‌వే ఊడుస్తూ గోరు ఊడగొట్టుకున్న కోడిపెట్టదీ అదే కథ. తవ్వుకుంటూ పోతే విమానాశ్రయంలో దెబ్బ తగలని చోటు లేదు, ఎవరో ఒకరి ఇల్లు కాని చోటూ లేదు.

ఇంక చూసుకోండి. ముత్యాలు గేటు దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టి, "కాళ్ళు కడుక్కోందే మా ఇంట్లోకి రానివ్వను" అని కొండముచ్చుల్ని నిలబెట్టేశాడు. కోడిపెట్ట రన్‌వే మీద వడియాలు పెట్టింది. కొంగలు పైన గిరికీలు కొడుతూ, "అమ్మా, దిగమంటారా?" అని అరిస్తే, "ఎండనివ్వండి, ఏం తొందర?" అని కసిరింది. చారుమతి ఎగిరే ప్రతి గంపకీ ఎదురెళ్ళి, "మా ఇంటికి వచ్చారు, ఓ మాట చెప్పి రాకూడదా?" అని మర్యాదగా నిలదీసింది.

నాంచారయ్య కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకున్నాడు. "ఓబులమ్మా, మొన్నటి తీర్పుని అంత గట్టిగా పట్టుకోకూడదమ్మా" అన్నాడు ముగ్గుకి అవతల నిలబడి.

"మరి నా కాలు పనిచోటే విరిగిందని చెప్పండయ్యా. ముగ్గు చెరిపేస్తాను."

"అది మాత్రం అడగకు. పల్లకి పోతుంది."

"అయితే కూర్చోండి. మజ్జిగ తాగుతారా?" అంది ఓబులమ్మ. మాట అలా అందే గాని, కాలు వాచి మొద్దులా అయింది. ఈ ముగ్గు ఎన్నాళ్ళు కాపాడుతుందో ఆమెకీ తెలీదు. మందు పడకపోతే కాలు పోతుంది. కాలు పోతే ఇల్లున్నా ఒకటే, వాగున్నా ఒకటే.

ఇంతలో పల్లకి రానే వచ్చింది. మోసేది అడవిదున్నలు, వెనక మేళం. రాజుగారి మంత్రి దుప్పిగారు మాత్రం కొంగ మీద వస్తున్నారు. అతిథి కదా అని కోడిపెట్ట వడియాలు తీసి దారిచ్చింది. గంప వచ్చి సామాన్ల అరుగు పక్కనే దిగింది.

ఏకాంబరంగారు పూలదండ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చారు. మంత్రిగారికి గంపలోనే దండ వెయ్యాలంటే అరుగు ఎక్కి, వాలుబల్ల మీంచి వెళ్ళాలి.

"ఏలినవారూ, ఒక్కమాట ఆమెనడిగి..." అని నాంచారయ్య గొణిగాడు.

"నా విమానాశ్రయంలో నేను ఒక గాడిదనడగాలా?" అని ఏకాంబరంగారు ముగ్గు తొక్కుకుంటూ ఎక్కేశారు.

"అయ్యా, ఆ తడిక..." అని ఓబులమ్మ అరిచింది. నిజానికి ఊరుకుని ఉండొచ్చు. కాని దెబ్బ రుచి తెలిసినది కదా, నోరు ఊరుకోలేదు. ఆయన వింటేనా?

విరగ్గా మిగిలిన తడిక కూడా ఫెళ్ళుమంది. డైరెక్టరుగారు దండతో సహా నడ్డి ఆనేలా కూలబడ్డారు. "అమ్మో! అబ్బో! చచ్చాను!" ఇంతకు ముందు ఏ పనివాడూ అంత గట్టిగా అరవలేదు. పొద్దున ప్రమాణం చేయని ఫలితం.

అందరూ పరుగున వచ్చారు. వచ్చి, ముగ్గు దగ్గర ఆగిపోయారు.

"చూస్తారేం? లేపండి నన్ను!"

"ఎలా వస్తామండీ? ఇంటామె పిలవందే?" అంది చారుమతి అమాయకంగా.

ఏకాంబరంగారు నాంచారయ్య వైపు చూశారు. నాంచారయ్య ఆకాశం వైపు చూశాడు. అదేమో చారుమతి ఇల్లు.

అవసరానికి వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడంటారు. ఏకాంబరంగారు ఆ దగ్గరలో ఉన్న కాలే పట్టుకున్నారు. అది విరిగిన కాలు. "ఓబులమ్మా, తల్లీ, రమ్మనవే వాళ్ళని!"

"ముందు ఆ కాలు వదలండి బాబుగారూ, ప్రాణం పోతోంది" అంది ఓబులమ్మ. "పిలవడానికేం, నోటి మాటేగా. కాని నాకో సందేహం. ఇది నా ఇల్లా, పనిచోటా? ఇల్లయితే, పిలవకుండా వచ్చినందుకు ధర్మప్రకారం తమరు వాగు దాటాలి. పనిచోటయితే నా పిలుపుతో పనేముంది? అందరూ వచ్చి ఎత్తుతారు. మందూ మేతా చట్టప్రకారం వస్తాయి."

మంత్రి దుప్పిగారు గంపలోంచి మెడ చాచి వింటున్నారు. వాగు అవతల చిరుతపులి ఆవులించిన చప్పుడు కూడా వినబడిందని కొందరంటారు. నేను దానికి పూచీ పడను.

"పనిచోటు!" అని అరిచారు ఏకాంబరంగారు. "ముమ్మాటికీ పనిచోటు! పనిలో ఉండగా జరిగిన ప్రమాదం! బల్ల పాడైపోయింది! ఎప్పట్నుంచో పాడైపోయే ఉంది!"

"ఎప్పట్నుంచి?" అని అడిగింది కాకి, నల్లరెక్కలు సర్దుకుంటూ.

"ఓబులమ్మ పడిన దగ్గర్నుంచి!"

"విన్నారా మంత్రిగారూ?" అంది కాకి. జీవితంలో మొదటిసారి దానికి అరవాల్సిన అవసరం రాలేదు.

ఓబులమ్మ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. మంచి కాలితో ముగ్గు చెరిపేసింది. "రండి బాబూ, అందరూ రండి" అంది.

వచ్చారు. కాని ఎలుగుబంటిని ఎత్తడమంటే మాటలా? చివరికి ముంగిస ముత్యాలు ఒక ఉపాయం చెప్పాడు. పల్లకి ఖాళీగానే ఉంది కదా, దాంట్లో పడుకోబెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే సరి. అడవిదున్నలు ఎత్తుకున్నాయి. వద్దని ఎవరూ చెప్పలేదు గనక మేళంవాళ్ళు కూడా వాయించుకుంటూ వెనకే నడిచారు. దారి పొడుగునా జీవాలు నిలబడి పూలు చల్లాయి. ఏకాంబరంగారు "అబ్బా, అమ్మా" అంటూనే, అలవాటు చొప్పున చెయ్యి ఊపారు.

గుడ్లగూబ డాక్టరుగారు కళ్ళు తెరవలేదు. నాడి కూడా చూడలేదు. "ఇంట్లో జారిపడుట. పసుపు రాయండి" అన్నారు.

"పనిచోట!" అని ఎలుగుబంటి వేసిన గావుకేక అడవి నాలుగు మూలలా వినబడింది. దండోరా కన్నా దూరం వెళ్ళింది.

ఓబులమ్మ కాలికి కట్టు కట్టారు. మానేదాకా మేత అరుగు దగ్గరికే వచ్చింది. చారుమతి రెక్కకీ, ముత్యాలు నడ్డికీ, కోడిపెట్ట గోరుకీ ఆలస్యంగానైనా మందు దొరికింది. టేకుబల్ల మళ్ళీ వచ్చింది. దుమ్ములగొండి దాన్ని వేస్తూ కూడా నవ్వాడు గాని, ఈసారి నవ్వులో పస లేదు. నాంచారయ్య ఉద్యోగానికి మాత్రం ఏమీ కాలేదు. అలాంటివాళ్ళ ఉద్యోగాలకి ఏమీ కాదు.

కాలు మానాక ఓబులమ్మకి కూర్చుని చేసే పని ఇచ్చారు. పొద్దున్నే డప్పు మోగగానే ప్రమాణం చేయించే పని. ఇప్పుడు వరసలో ముందు నిలబడేది ఏకాంబరంగారు, పక్కన నాంచారయ్య. ఓబులమ్మ చెప్పేది, వాళ్ళిద్దరూ గుండె మీద కాలు పెట్టుకుని అనేవాళ్ళు. "ఈ రోజు నేను ఎవరికీ దెబ్బ తగలనివ్వను. తగిలితే ఇంట్లో తగిలిందనను."

నీతి: కిందివాడు పడితే ఖర్మ, పైవాడు పడితేనే ప్రమాదం, కనుక ఏ బల్లయినా ముందు పైవాణ్ణే ఎక్కించి చూడండి.